కొలువు విడవకుండా కళా విద్య

(సూరత్ నగరం ఆల్థాన్‌లో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠాన్ని స్టూడియోలో కూర్చుని కెమెరా ముందు చెప్పి ఉండవచ్చు. ఇక్కడికే వచ్చి చెప్పాలనిపించడానికి కారణం ఒక తండ్రి అడిగిన ప్రశ్న. ఆయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా సూరత్‌లో సాంచాల మీద పనిచేస్తున్న మనిషి. ఆయన ఇలా అడిగారు: “సారూ, బిడ్డ బొమ్మలు మంచిగ గీస్తది. కంప్యూటర్ల చీరెల డిజైన్లు చేస్తది, నెలనెలా జీతమస్తది. ఇప్పుడు బొమ్మల సదువు సదువుకుంట అంటున్నది. కొలువు బంద్ చేయించాల్నా, సదువు బంద్ చేయించాల్నా?”

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కొలువు మానేస్తే ఆ ఇంటికి వచ్చే ఆదాయంలో ఒక భాగం ఆగిపోతుంది. చదువు మానేస్తే ఆ అమ్మాయి ఇంకొకరి డిజైన్లకు నకళ్లు తీస్తూనే ఉండిపోవచ్చు. రెండింటిలోనూ నష్టం ఉంది. అందుకని మూడో దారి ఒకటి ఉందా, ఉంటే అది ఎక్కడికి తీసుకుపోతుంది, అందులో ఎదుగుదల ఎలా జరుగుతుంది అన్నదే ఈనాటి మన పాఠ్యాంశం.

ఆల్థాన్‌లో ఈ మాట మాట్లాడుకోవడం సముచితంగానే ఉంది. ఇక్కడికి దగ్గరలోనే పాండేసరా అద్దకం, ప్రింటింగ్ మిల్లులు ఉన్నాయి. దగ్గరలోనే వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమూ ఉంది. మిల్లుకు, విశ్వవిద్యాలయానికి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. మన పిల్లలు ఆ కొద్ది దూరం దాటలేకపోవడానికి కారణం రోడ్డు కాదు, రోజులో చాలని గంటలు.

స్వల్ప నివాస విధానం అంటే ఏమిటి?

లలితకళల్లో డిగ్రీ అనగానే మన మనసులో మెదిలేది నాలుగేళ్లు హాస్టల్లో ఉండి, ఉదయం నుంచి సాయంత్రం దాకా స్టూడియోలో పనిచేసే విద్యార్థి. దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి ఉంది. దానిని లో-రెసిడెన్సీ అంటారు. మనం స్వల్ప నివాస విధానం అనుకుందాం. విద్యార్థి ఏడాదికి రెండుసార్లు, సుమారు పది రోజుల చొప్పున కళాశాలకు వెళతాడు. ఆ రోజుల్లో పాఠాలు, విమర్శలు, ప్రదర్శనలు కిక్కిరిసి ఉంటాయి. మిగతా కాలమంతా తన ఊళ్లో, తన ఇంట్లో, తన కొలువు చేసుకుంటూ ఒక గురువు పర్యవేక్షణలో పని సాగిస్తాడు.

ఈ పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకుంది. 1976లో వెర్మాంట్ రాష్ట్రంలోని గొడార్డ్ కళాశాలలో ఎలెన్ బ్రయంట్ వోయిట్ అనే కవయిత్రి రచనా కళలో ఇటువంటి డిగ్రీని ప్రారంభించారు. 1981లో ఆ కార్యక్రమం వారెన్ విల్సన్ కళాశాలకు తరలింది. అదే 1981లో న్యూయార్కు రాష్ట్రంలోని బార్డ్ కళాశాల చిత్రకళ, శిల్పం, సంగీతం వంటివాటికి కలిపి మూడు వేసవుల డిగ్రీని మొదలుపెట్టింది. ఒక్కో వేసవి ఎనిమిది వారాలు. మధ్యలో వచ్చే చలికాలాల్లో విద్యార్థి తన చోటనే పనిచేయాలి.

గురువుకూ విద్యార్థికీ మధ్య సాగే వ్యవహారమే ఇందులో అసలు సంగతి. అర్ధ సంవత్సరం మొదట్లో ఇద్దరూ కూర్చుని ఏం గీయాలి, ఏం చదవాలి అని ఒక ప్రణాళిక రాసుకుంటారు. ఆ తరువాత మూడు నాలుగు వారాలకోసారి విద్యార్థి తాను చేసిన పనిని, చదివిన వాటిపై చిన్న వ్యాసాన్ని, తన ఇబ్బందులు తెలిపే ఒక లేఖను కట్టగా కట్టి పంపుతాడు. గురువు ఒక్కొక్క బొమ్మ గురించీ వివరంగా జవాబు రాస్తాడు. వెనుక అది తపాలాలో జరిగేది, ఇప్పుడు కంప్యూటర్ మీద జరుగుతోంది. విద్యార్థికి దొరికేది నెలకో ఉత్తరమే కావచ్చు. అయితే అది పూర్తిగా అతని పని గురించే రాసిన ఉత్తరం. నలభై మంది ఉన్న తరగతి గదిలో అంత శ్రద్ధ అందరికీ దొరకదు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు రాసినవారు ఈ సభలో పెద్దవారిలో కొందరైనా ఉండవచ్చు. ఆ పరీక్షలకు ఇంటి దగ్గరే సాధన చేసేవాళ్లం. ఆ తరువాత వేసవిలో 42 రోజుల శిక్షణ పొంది టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లం. డ్రాయింగ్‌కే కాదు, కుట్టుపనికీ చేనేతకూ కూడా ఆ శిక్షణ ఉండేది. ఏడాదంతా పని, వేసవిలో నలభై రెండు రోజుల చదువు. స్వల్ప నివాస విధానం అన్న పేరు పెట్టలేదు కాని, ఆ సూత్రం మన పల్లెల దాకా ఎప్పుడో వచ్చింది. ఎందరో డ్రాయింగు మాస్టార్లు ఆ దారినే బడుల్లోకి వచ్చారు.

చేరే ముందు చూడవలసినవి

ఇక్కడ ఒక విషయం దాపరికం లేకుండా చెప్పాలి. అమెరికాలో ఉన్న రూపంలో ఈ డిగ్రీ మన విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనుకోలేదు. స్టూడియో పని, ప్రయోగశాల పని ప్రధానంగా ఉండే చదువులను దూరవిద్యలో నడపడంపై యూజీసీ నియంత్రణలు ఉన్నాయి. అందువల్ల “ఇంట్లో కూర్చుని బీఎఫ్ఏ” అన్న ప్రకటన కనిపించగానే డబ్బు కట్టకండి. ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం విడుదల చేసిన జాబితాలో సంస్థ పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. సంస్థకు గుర్తింపు ఉండి కోర్సుకు లేకపోతే ఆ పట్టా మీకు ఉపయోగపడదు.

సూరత్‌లోని తెలుగువారికి ఇంకొక చిక్కు ఉంది. మన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది, దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దానిపై మనకు అభిమానం సహజం. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర సరిహద్దు దాటి అధ్యయన కేంద్రాలు నడపరాదన్నది నిబంధన. కనుక హైదరాబాద్ విశ్వవిద్యాలయపు కేంద్రం సూరత్ వీధిలో ఉందని ఎవరైనా చెబితే అనుమానించాలి. ఇక్కడివారికి గుజరాత్‌లో అదే మహనీయుని పేరుతో 1994లో ఏర్పడిన డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అహ్మదాబాద్‌లో ఉంది. జాతీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఇగ్నోకు ఈ సరిహద్దు అడ్డు లేదు. 1985లో ఏర్పడిన ఇగ్నోలో 2007 నుంచి ప్రదర్శన, దృశ్యకళలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది.

గుర్తింపు పొందిన సంస్థ నుంచి, అనుమతి ఉన్న కోర్సులో వచ్చిన దూరవిద్యా డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. అదే ఏడాది రెండు కోర్సులను ఒకేసారి చదువుకోవడానికీ వీలు కల్పించింది. ఒకటి కళాశాలకు వెళ్లి, మరొకటి దూరవిద్యలో చదవవచ్చు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వల్ల, అందులో నమోదైన సంస్థల్లో సంపాదించిన క్రెడిట్లు మీ ఖాతాలో నిలవ ఉంటాయి. మధ్యలో చదువు ఆగినా, నిబంధనల మేరకు తిరిగి అందుకోవచ్చు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, మన పిల్లలకు స్వల్ప నివాస విద్య అంటే ఒకే చోట దొరికే వస్తువు కాదు. ఒక సార్వత్రిక డిగ్రీ, ఒక వేసవి శిక్షణ, ఒక డ్రాయింగ్ పరీక్ష, అప్పుడప్పుడూ ఒక కళాశాలలో పది రోజుల కార్యశాల. వీటిని ఒక వరుసలో పేర్చుకోవాలి. పేర్చుకోవడం మీ పని. ఆ వరుసకు అర్థం రావాలంటే దానికి ఒక దారం కావాలి. ఆ దారం గురించి చెప్పడానికి నా సంగతి కొంచెం చెప్పక తప్పదు.

“ఇందులో నీది ఏది?”

మా నాన్నగారు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాలు నడిపారు. మా అమ్మ ఇంట్లో కండెలు చుట్టేది. నేను డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసై, ఒక డిజైన్ దుకాణంలో చేరాను. అప్పట్లో గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి జకార్డ్ డిజైన్లు వేసేవాళ్లం. అంచులు, కొంగులు, బుటాలు. ఎనిమిదేళ్లు వేశాను. నేను వేసిన అంచు ఎన్ని చీరలకు వచ్చిందో లెక్క లేదు. ఒకసారి మా ఊరి పెళ్లిలో ముగ్గురు ఆడవాళ్లు ఆ అంచు చీరలే కట్టుకుని కనిపించారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఆ తరువాత ఒక కళాశాలలో ప్రవేశానికి వెళ్లాను. ఎదురుగా కూర్చున్న పెద్దలు “నువ్వు చేసిన పని చూపించు” అన్నారు. నా చేతిలో దుకాణంవాళ్లు అచ్చువేసిన డిజైన్ పుస్తకం ఒకటి ఉంది. వారు పేజీలు తిప్పి, “ఇందులో నీది ఏది?” అని అడిగారు. నేను వేలు పెట్టి చూపించాను. “ఇది నీదని ఎలా తెలుస్తుంది? ముందు ఏం గీశావు? ఏం మార్చావు? ఎందుకు మార్చావు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మొదటి గీతలు చెత్తబుట్టలో పడ్డాయి. గ్రాఫ్ కాగితాలు యజమాని బీరువాలో ఉన్నాయి. అది ఆ వ్యాపారపు వాడుక, అందులో ఎవరి తప్పూ లేదు. తప్పు నాది. ఎనిమిదేళ్ల పని చేశాను, ఎనిమిదేళ్ల పని గురించి ఒక్క కాగితం మిగుల్చుకోలేదు. ఆ ఏడు నాకు సీటు రాలేదు.

కాబట్టి నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. దూరంగా ఉండి చదివే కళా విద్యలో మీ ఎదుగుదల కళాశాలలో గడిపే ఆ కొద్ది రోజుల్లో తేలుతుంది, కాని తయారయ్యేది మాత్రం ఇంటి దగ్గర, కొలువులో, మిగతా రోజుల్లో. ఆ రోజులకు లెక్క రాసిపెట్టుకున్నవాడే ఎదుగుతాడు.

లెక్క చూడండి. ఏడాదికి 20 రోజులు కళాశాలలో ఉండి, రోజుకు 8 గంటలు పనిచేస్తే 160 గంటలు. ఇంటి దగ్గర రోజుకు 2 గంటల చొప్పున వారంలో 6 రోజులు కూర్చుంటే వారానికి 12 గంటలు. పండుగలూ జ్వరాలూ తీసేసి 48 వారాలు వేసుకున్నా 576 గంటలు. అంటే మీ చదువులో మూడు వంతులకు పైగా మీ ఇంట్లోనే జరుగుతుంది. అందుకే ఇంట్లో ఒక బల్ల, ఒక దీపం, ఎవరూ పిలవని రెండు గంటలు కావాలి. తల్లిదండ్రులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మగపిల్లవాడు గీస్తూ కూర్చుంటే “చదువుకుంటున్నాడు” అంటాం. ఆడపిల్ల గీస్తూ కూర్చుంటే “ఖాళీగా ఉంది, నీళ్లు పట్టమను” అంటాం. ఆ రెండు గంటలు ఆమెను పిలవకండి. కళాశాల ఫీజు కట్టడం ఎంత సాయమో, అదీ అంతే సాయం.

మూడు అలవాట్లు

మొదటిది, పని పుస్తకం. మీరు చేసే ప్రతి డిజైన్‌కూ తేదీ, ఏం అడిగారు, మొదట ఏం గీశారు, ఎవరు ఏం మార్చమన్నారు, యంత్రం మీదికి వెళ్లాక ఏం మారింది అన్న ఐదు సంగతులు రాసుకోండి. కాగితం మీద బాగున్న రంగు పాలియెస్టర్ మీద ఎందుకు ముదిరిందో, చిన్న గీత నేతలో ఎందుకు మెట్లు మెట్లుగా వచ్చిందో రాయండి. ఇవి మీకు రోజూ ఎదురయ్యేవే. హాస్టల్లో చదివే విద్యార్థికి ఇవి తెలియవు. మీ కొలువు మీకు ఇచ్చే పాఠ్యపుస్తకం ఇది.

రెండవది, వారానికి ఒక సొంత పని. ఎవరూ అడగనిది, ఎవరికీ అమ్మనిది. మీ అమ్మ చేతులు కావచ్చు, బమ్రోలి రోడ్డు మీద చీరల మూటలు మోసే టెంపో కావచ్చు, మధ్యాహ్నం సాంచాల కార్ఖానాలో నేల మీద పడ్డ వెలుతురు కావచ్చు. సరుకు కోసం గీసేదానికీ, తన కోసం గీసేదానికీ తేడా చేతికి తెలియాలి. ఆ తేడా తెలియని చేయి ఎంత వేగంగా గీసినా కాపీ చేస్తూనే ఉంటుంది.

మూడవది, మాట చెప్పే మనుషులు. ఇంటి దగ్గర చదివేవారికి పెద్ద లోటు తోటి విద్యార్థులు. హాస్టల్లో పక్క బల్ల మీదివాడు చూసి “ఇది దొంగిలించావు” అంటాడు, అదే చదువు. ఆల్థాన్‌లో, ఉధనాలో, లింబాయత్‌లో ఉన్న మీరు నలుగురో ఐదుగురో వారానికి ఒక పూట ఒకరింట్లో కలవండి. ఒక్కొక్కరు ఒక్క బొమ్మ పెట్టండి. పొగడవద్దు, తిట్టవద్దు. ఏం కనిపిస్తోందో చెప్పండి. తెలుగులో మాట్లాడుకోండి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపిన నగరం ఇది. ఆ బడుల్లో చదివినవారికి కళ గురించి తెలుగులో మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలి.

దారులు ఎన్ని?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ చదువు చదివి ఏమవుతారు? నాకు కనిపించే దారులు నాలుగు.

మొదటి దారి, మీరు ఉన్న పరిశ్రమలోనే పైకి వెళ్లడం. నకలు తీసేవాడు, డిజైన్ వేసేవాడు, ఏ సీజన్‌కు ఏ డిజైన్లు రావాలో నిర్ణయించేవాడు. ఈ మూడు మెట్ల మధ్య తేడా కంప్యూటర్ పరిజ్ఞానంలో లేదు. మూడో మెట్టు మీది మనిషి రంగుల గురించి, చరిత్ర గురించి, కట్టుకునే మనిషి గురించి మాట్లాడగలడు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ పొందారు. వారి చేతిలో ఉన్నది మన తాతల చిటికి పనే, కొత్త కంటితో చూసినది.

రెండవ దారి, బోధన. బడిలో చిత్రకళా ఉపాధ్యాయుడు కావాలంటే ఆ ఉద్యోగ ప్రకటనలో ఏ అర్హత అడిగారో అక్షరం అక్షరం చదవాలి. కొన్నిటిలో ఫలానా డిప్లొమా ఉండాలంటారు, కొన్నిటిలో ఫలానా కాలవ్యవధి అంటారు. గుజరాత్‌లో ఎలిమెంటరీ, ఇంటర్మీడియెట్ డ్రాయింగ్ గ్రేడు పరీక్షలు ఉన్నాయి, ఆర్ట్ టీచర్ డిప్లొమా ఉంది. కళాశాలలో బోధించాలంటే మాస్టర్స్ డిగ్రీతో పాటు యూజీసీ నెట్‌లో దృశ్యకళ అన్న విషయం ఉంది. కోర్సులో చేరకముందే, చివర వచ్చే ఉద్యోగ ప్రకటన ఒకటి సంపాదించి గోడకు అంటించుకోండి. అప్పుడు దారి తప్పరు.

మూడవ దారి, కళాకారునిగా నిలబడడం. ఇందులో నెల జీతం ఉండదు. సంస్కృతి మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్లవారికి యువ కళాకారుల ఉపకార వేతనం, ఆపై వయసువారికి జూనియర్, సీనియర్ ఫెలోషిప్పులు ప్రకటించే పథకాలు నడుపుతోంది. వాటికి దరఖాస్తు చేసేటప్పుడు అడిగేది ఏం చేశారు, ఏం చేయబోతున్నారు అన్నదే. నేను చెప్పిన పని పుస్తకం అక్కడ పనికొస్తుంది.

నాలుగవ దారి, కళను వేరొక రంగానికి తీసుకుపోవడం. సినిమా, టెలివిజన్, ప్రచురణ, మ్యూజియం. నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లో చదివి, వడోదర మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో కుడ్యచిత్రం, ముద్రణ కళ నేర్చుకున్నారు. హైదరాబాద్ దూరదర్శన్‌లో కొలువు చేశారు. తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లలితకళల బోధనకు పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం కూడా వడోదరలో చదివారు. చిత్రకారునిగా ఎంత పేరో, ‘దాసి’ సినిమాకు కళా దర్శకునిగా జాతీయ పురస్కారమూ అంతే గౌరవం. ఒక మనిషి జీవితంలో ఈ నాలుగు దారులూ ఒకదానితో ఒకటి కలుస్తూ పోవడం మీరు గమనించాలి.

వీరిద్దరికీ వడోదరలో గురువైన కె.జి. సుబ్రమణ్యన్ కథ మన సభకు ఇంకా దగ్గరిది. ఆయన 1959 నుంచి 1961 వరకు బొంబాయిలో అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగపు ఉప సంచాలకునిగా పనిచేశారు. చిత్రకారుడు ప్రభాకర్ బర్వే కూడా 1961 నుంచి రెండు దశాబ్దాల పాటు నేత కార్మికుల సేవా కేంద్రాల్లో ఉద్యోగం చేస్తూనే తన చిత్రాలు తాను వేసుకున్నారు. మగ్గం పక్కన కూర్చున్నందువల్ల వారి కళ చిన్నబోలేదు. సూరత్ నుంచి రైలెక్కితే రెండు గంటల దూరంలో ఉన్న వడోదరలో, 1950లో మొదలైన ఆ లలితకళా విభాగంలో, నేతకూ చిత్రానికీ మధ్య తలుపు ఎప్పుడూ మూసి లేదు. మీ కొలువును చూసి మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

పేరు ఎవరిది, హక్కు ఎవరిది?

కొలువులో ఉంటూ చదివేవారు తెలుసుకోవలసిన చట్టం కొంత ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మపై, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. అంతేకాదు, రిజిస్టర్ చేయడానికి వీలున్న డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా, యంత్రం మీద 50 కన్నా ఎక్కువసార్లు తీస్తే దానిపై కాపీరైట్ పోతుంది. సూరత్‌లో ఒక డిజైన్ 50 చీరలు దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు రక్షణ ఉంటుంది, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. కాని డిజైన్ బయటికి రాకముందే దరఖాస్తు పెట్టాలి.

అందువల్ల రెండు పనులు చేయండి. కొలువు కోసం వేసినవాటిని మీ పని సంచిలో చూపించుకోవడానికి యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి అడగండి. మర్యాదగా అడిగితే సాధారణంగా కాదనరు. “ఈ అమ్మాయి ఫలానా తేదీ నుంచి మా దగ్గర డిజైనర్‌గా పనిచేస్తోంది” అన్న రెండు వాక్యాల ఉత్తరం కూడా తీసుకోండి. రెండవది, సొంత బొమ్మలను కొలువు కంప్యూటర్‌లో, కొలువు సమయంలో వేయకండి. ఏది ఎవరిదో తరువాత తేలదు.

సంస్థల మీద కూడా పూర్తిగా ఆధారపడవద్దు. ఈ పద్ధతి పుట్టిన గొడార్డ్ కళాశాలే 2024లో మూతపడింది. కళాశాలలు మూతపడవచ్చు, కోర్సుల పేర్లు మారవచ్చు. మీ మార్కుల పత్రాలు, గురువు రాసిన ఉత్తరాలు, మీ పని పుస్తకాలు మీ దగ్గర ఉంటే మీ చదువు మీ దగ్గరే ఉంటుంది.

ఆ తండ్రికి జవాబు

మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. కొలువు బంద్ చేయించాల్నా, చదువు బంద్ చేయించాల్నా?

అయ్యా, రెండూ బంద్ చేయించకండి. ఒక ఏడాది గడువు పెట్టుకోండి. ఆ ఏడాదిలో నెలకు కొంత చొప్పున, ఇరవై రోజుల ప్రయాణానికీ బసకూ సరిపడా పక్కన పెట్టండి. ఆ ఇరవై రోజుల సెలవు గురించి యజమానితో ముందే మాట్లాడమనండి, దీపావళికి ముందు పని వత్తిడి ఉన్నప్పుడు కాకుండా. చేరబోయే కోర్సుకు గుర్తింపు ఉందో లేదో మీరూ ఒకసారి కనుక్కోండి. ఇంట్లో ఒక బల్ల వేయండి. ఏడాది తరువాత ఆమె పని పుస్తకం తీసి మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. చదువు రాని మా అమ్మ కండె చేతిలోకి తీసుకోగానే నూలు మంచిదో కాదో చెప్పేది. మీకూ ఆ చూపు ఉంది. ఆ రెండు పేజీల మధ్య తేడా మీ కంటికే తెలుస్తుంది. తేడా కనిపిస్తే చదువు కొనసాగించండి. కనిపించకపోతే గురువును మార్చాలా, కోర్సును మార్చాలా అని కూర్చుని మాట్లాడుకోండి. అమ్మాయిని మాత్రం తప్పు పట్టకండి.

ఈ డిగ్రీ పూర్తయిన రోజున జీతం రెట్టింపు అవుతుందని నేను మాట ఇవ్వలేను. అలా మాట ఇచ్చేవారిని నమ్మకండి. కాని ఏదో ఒక రోజు ఆమె కూడా ఒక బల్లకు ఇవతల కూర్చుంటుంది. అవతలివారు పేజీలు తిప్పి, “ఇందులో నీది ఏది?” అని అడుగుతారు. నాకు ఆ రోజు జవాబు దొరకలేదు. ఆమెకు దొరకాలి.

విద్యార్థులకు ఒక చిన్న అభ్యాసం. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, ఈ వారంలో మీరు చేసిన ఒక డిజైన్ గుర్తు తెచ్చుకుని, దాని మొదటి గీతను మళ్లీ గీయండి. కింద తేదీ వేయండి. ఎందుకు మార్చవలసి వచ్చిందో మూడు వాక్యాలు తెలుగులో రాయండి. మీ పని పుస్తకంలో అది మొదటి పేజీ.